దీనజనసేవయు మిషనరీల జీవితమును

(మహాసభ రెండవనాటి సాయంకాలము చేసిన యుపన్యాసము)



కులమహాసభలో కతోలిక మిషనరీలనుగూర్చి యుపన్యాసమేల యని కొందఱు మిత్రులు నిన్న మమ్ము ప్రశ్నించిరి. న్యాయమైన ప్రశ్నయే. మేము ఆ మతమున కెక్కినవారము కాము. మా యింట నేటికిని శనివారము వేంకటేశ్వరునికే దీపము పెట్టెదము. మతమార్పునకు పూనుకొని యీ వేదిక నెక్కలేదు. రేపటి కార్యక్రమమున మన ప్రసూతి సహాయనిధి నిబంధనలు చర్చకు రానున్నవి. ఆ చర్చకు ముందు కొన్ని సంగతులు మీ చెవిని వేయుట మా కర్తవ్యమని తోచినది. అవి మన సీమకు సంబంధించినవి. కొంతమట్టుకు మన కులమునకును సంబంధించినవి.

దక్షిణమున ప్రళయకావేరి మొదలుకొని యుత్తరమున గుండ్లకమ్మ ముఖమువఱకు గల యీ తీరము మీకు క్రొత్త కాదు. ఒకవైపు సముద్రము, ఒకవైపు మాగాణి. నడుమ ఇసుకదిబ్బలు, ఉప్పుమళ్లు, సరుగుడుతోపులు, బకింగుహాము కాలువ. పెన్న నీరు పాఱినచోట మొలకొలుకులు పండును. పాఱనిచోట ఆకలి పండును. ఈ దేశమున భూమి గలవారి వాకిట ధాన్యపుపాతరలు, భూమి లేనివారి గుడిసెలలో చట్టియు మూకుడును మాత్రము. పట్టపువారు, యానాదులు, మాలమాదిగలు మన కండ్లయెదుటనే పుట్టి మన కండ్లయెదుటనే గిట్టుచుండిరి. వారి పుట్టుకను గాని చావును గాని మనము లెక్కపెట్టిన కాలము తక్కువ.

కతోలిక మతము తెలుగునాట నిన్న మొన్న వచ్చినది కాదు. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి యేసుసభవారు కర్ణాటక మిషను అను పేర పుంగనూరు, కృష్ణాపురము మొదలగు తావుల నిలిచిరి. కాషాయము ధరించి, మాంసము విడిచి, సన్న్యాసులవలె మెలగుచు తెలుగును సంస్కృతమును నేర్చిరి. అప్పుడు వారి బోధకు చెవియొగ్గిన వారిలో రెడ్లును కమ్మవారును గలరు. పిదప కఱవులకును దండులకును తాళలేక ఆ కుటుంబములలో కొన్ని తూర్పునకు తరలినవి. కొందఱు గుంటూరు సీమలో ఫిరంగిపురము ప్రాంతమునను, కొందఱు చెన్నపట్టణమునకు పడమటనున్న కీళచ్చేరియందును స్థిరపడిరి. 1773లో జగద్గురువులు యేసుసభనే రద్దుచేసిరి. గురువులు తఱిగి పోయిరి. అయినను ఆ కుటుంబములు తమ విశ్వాసమును తాతనుండి మనుమనికి అప్పగించుచు, గురువు మొగము చూడక యేండ్లు గడిపినవి. వారి మతముతో మనకు పొత్తు లేకున్నను ఆ పట్టుదల మనవారిదే యని చెప్పుకొనుటలో తప్పులేదు.

ఆ కుటుంబములలోనిదే జ్ఞానమ్మ. ఈమె పేరు ఈ సభలో నెందఱెఱుగుదురో! 1822లో ఫిరంగిపురమున జన్మించి, కీళచ్చేరిలోని గోపు వారింటికి కోడలై పోయెను. పుట్టినిల్లు గుంటూరు సీమ, మెట్టినిల్లు అరవదేశము. ఈ రెంటికి నడుమ దారి మన నెల్లూరు మీదుగానే సాగును. నడియీడున భర్త గతించెను. ఆ కాలమున రెడ్లయింటి వితంతువు వాకిలి దాటుటయే గగనము. ఆమె వాకిలి దాటెను. దాటి ఊరక యుండక 1860 తర్వాతి యేండ్లలో కీళచ్చేరియందు ఆడుపిల్లలకు బడి పెట్టెను. తనతో కలిసివచ్చిన స్త్రీలను జేర్చుకొని, మరియమ్మ తల్లియైన అన్నమ్మగారి పేర కన్యాస్త్రీల సంఘమునకు బీజము వేసెను. నేడు మద్రాసు అన్నమ్మ సభవారును, ఫిరంగిపురము అన్నమ్మ సభవారును ఈమెనే తల్లిగా చెప్పుకొందురు. 1874లో ఆమె పరమపదించెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల తెఱచినది ఆ 1874లోనే. పంతులుగారి కీర్తికి కొఱత రావలెనని మేమీ మాట యనుట లేదు. అంతకు పదియేండ్లనాడే, ఇంగ్లీషు చదువును పత్రికయు సభయు సహాయముగా లేని యొక తెలుగు వితంతువు ఆడుపిల్ల చేతికి పలక యిచ్చినదని మన చరిత్రపుస్తకములలో నొక పంక్తి యైనను ఉండవలదా యని యడుగుచున్నాము. మన కులవిశిష్టుల పటములు ఈ మందిరపు గోడలమీద ముప్పదికి పైగా నున్నవి. మేము నిన్న వెదకితిమి. ఆమె పటము లేదు.

జ్ఞానమ్మ పోయిన రెండేండ్లకు ధాతుకఱవు వచ్చెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన యా కఱవును మన పెద్దలు వేడినిట్టూర్పుతో చెప్పుట మేము చిన్ననాడు వినియుంటిమి. మద్రాసునుండి పెదగంజామువఱకు పోవు ఉప్పుకాలువలో కొంతభాగమును ఆ కఱవులోనే కూలికి త్రవ్వించిరి. గవర్నరు పేర బకింగుహాము కాలువ యని పిలిచిరి. ఒంగోలున బాప్తిస్టు మిషనుకు పెద్దయైన క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల పనిని తానే గుత్తకు తీసికొని మాదిగలకు పని కల్పించెను. ఆయన కతోలికుడు కాడు. అయినను కఱవుపని జరుగుచున్నంత కాలము ఎవరికిని బాప్తిస్మ మీయక నిలిపినాడని తెలిసికొనవలెను. పని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గంజికొఱకు మతము మార్చుకొనిరని మనవారు నేటికిని ఎగతాళి చేయుదురు. సోదరులారా, ఆ యేడు గంజి పోయుటకు పాతరలు గలవార మెవరము? మనము పోసియుండిన, ఆ ఎగతాళికి మనకు అర్హత యుండెడిది.

ఇక కతోలికులమాట. లండనునందలి మిల్‌హిల్లున హెర్బర్టు వాఘను 1866లో స్థాపించిన సంత్ జోసెఫు మిషనరీసభ గురువులు 1875లో తెలుగుసీమకు వచ్చిరి. వారిలో ఇంగ్లీషువారికంటె డచ్చివారు, జర్మను మాటాడు దేశములవారు హెచ్చు. వచ్చినవారు జీవితాంతము ఇచ్చటనే యుండుటకు సిద్ధపడి వచ్చిరి. ఫిరంగిపురమున థియోడరు డీక్మను స్వాములవారు చిరకాలము నిలిచి 1891లో బాలయేసు దేవాలయమును కట్టించిరి. ఆ కట్టడమును చూడనివారు చూడవలెను. అయితే రాళ్లకట్టడములకంటె మమ్ము హెచ్చుగా ఆకర్షించునది వారి దినచర్య. ఎడ్లబండి, ఇసుకబాట, వడగాడ్పు, మలేరియా. పూజకు ఊరికొక పాక. రాత్రి లాంతరు వెలుతురున తెలుగు గుణింతములు. శకటరేఫమును పలుకలేక నవ్వులపాలైన స్వాములవారి కథలు ప్రతి విచారణయందును ఒకటి రెండు విననగును. స్వదేశమున బీదకుటుంబములు పంపిన చిల్లరడబ్బులతో ఇచ్చట బీదలకు బడులు నడిపిరి. ఆ యూరోపియను రైతుబిడ్డల సమాధులు మన మట్టిలోనే యున్నవి.

ఇచ్చట నొక మాట మధ్యలో చెప్పక తప్పదు. మిషను చరిత్రలు వ్రాయువారు తెల్లగురువుల పటములను వరుసగా అచ్చువేయుదురు. వారి వెనుక నడచిన ఉపదేశి పేరు అడుగున చిన్న యక్షరములతోనైన నుండదు. తాటాకుపాకలో పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, రాత్రి కూలిచేసి వచ్చిన పెద్దలకు జపములు నేర్పి, రోగి యింటికి స్వాములవారిని పిలుచుకొని వచ్చి, చచ్చినవానికి గుంట త్రవ్వించినవాడు ఉపదేశియే. జీతము స్వల్పము, గౌరవము, మాలపల్లెలో పుట్టిన వాడైనచో, అంతకంటె స్వల్పము. సేవ యనునది సముద్రము దాటియే వచ్చినదని మనము భ్రమపడరాదు. కొంత సముద్రము దాటి వచ్చినది. చాలభాగము మన పల్లె చివరనుండియే లేచినది.

1928 జూలై 3వ తేదీన నెల్లూరు ప్రత్యేక మేత్రాసనమైనది. గుండ్లకమ్మ యొడ్డు ఘట్టమునకు సరిగా ఏబదియేండ్లు నిండిన దినమది! మొదటి మేత్రాణులు విలియం బౌటరు గారు డచ్చిదేశస్థులు, మిల్‌హిల్లు సభవారు. 1929 మొదలు సుమారు నాలుగు దశాబ్దములు ఆ పీఠమున నుండిరి. నాటి నెల్లూరు మేత్రాసనము నేటిదానివంటిది కాదు. 1940లో గుంటూరును, 1967లో కర్నూలును, 1976లో కడపయు విడివడువఱకు ఆ దేశమంతయు నెల్లూరు క్రిందనే యుండెను. కావున మేమిప్పుడు చెప్పబోవు గుంటూరు ఆసుపత్రి కథ కొంతకాలము నెల్లూరు మేత్రాసనపు కథయే.

హాలెండునందలి ఏసుమరియజోసెఫు సభ కన్యాస్త్రీలు 1904లో గుంటూరునకు వచ్చిరి. (వారి సభ ఆమ్‌స్టర్‌డామున పుట్టినది 1822లో; జ్ఞానమ్మ పుట్టిన సంవత్సరమే.) వచ్చినవారికి కనబడిన మొదటి యక్కఱ స్త్రీల వైద్యము. మన స్త్రీలు పురుషవైద్యుని చేయి తాకనీయరు. కన్యాస్త్రీలకో, ప్రసవవైద్యము చేయరాదని వారి ధర్మశాస్త్రపు నిషేధము. ఒకవైపు మన ఆచారము, ఒకవైపు వారి ఆచారము. ఈ రెండాచారముల నడుమ బాలింతలు మరణించుచుండిరి. దీనిని చూచి సహింపలేక స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెసు మెక్లారెను, డెబ్బది దాటిన వయస్సున రావల్పిండికి వచ్చి, స్త్రీలకొఱకు ఆసుపత్రి ఏర్పాటు చేయించి, నిషేధము తొలగింపుమని రోమునకు మాటిమాటికి పోయి మొఱపెట్టుకొనెను. 1913లో ఆ మొఱ ఫలింపకయే కన్నుమూసెను.

ఆమెను గుఱించిన యొక చిన్న పుస్తకము 1915లో ఆస్ట్రేలియాయందు మెల్బోర్ను నగరమున మేరీ గ్లౌరీ అను వైద్యురాలి చేత పడెను. 1887లో జన్మించి, 1910లో పట్టము పొంది, ఆ నగరపు మంచి వీథిలో వైద్యము చేయుచుండిన స్త్రీ యామె. ధనమునకు లోటు లేదు, పేరునకు లోటు లేదు. ఆ పుస్తకము చదివిన పిదప ఆమెకు నిదుర పట్టలేదని చెప్పుటకు మాయొద్ద ప్రమాణము లేదు గాని, ఆమె చేసినది మాత్రము ప్రమాణమే. వెంటనే ఓడ నెక్కలేదు. స్త్రీల రోగములందును ప్రసవమందును నేత్రవైద్యమందును పైచదువు చదివి 1919లో ఎం.డి. పట్టము గడించెను. సేవకు పోవువారు ఉత్సాహ మొక్కటియే మూటగట్టుకొని పోరాదను సంగతిని మన యువకులు ఇందువలన గ్రహింతురు గాక! 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, ఏసుమరియజోసెఫు సభలో కన్యాస్త్రీయై, తిరుహృదయ మరియ యను పేరు ధరించెను. వైద్యము చేయుటకు పదునైదవ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేకానుమతి నొసగిరి. కన్యాస్త్రీ వైద్యురాలుగా పనిచేయుటకు అట్టి యనుమతి అదివఱ కెవ్వరికిని లేదు. సాధారణముగా ఆ నిషేధము తొలగినది 1936లో. అప్పటికి ఆమె గుంటూరున పదునారేండ్ల పని చేసియున్నది.

ఆమె వచ్చునప్పటికి అచ్చట నున్నది చిన్న మందులకొట్టమని చెప్పవచ్చును. అది సంత్ జోసెఫు ఆసుపత్రిగా పెరిగినది. చాలకాలము ఆసుపత్రికంతకు వైద్యురాలు ఆమెయొక్కతెయే. తెలుగు నేర్చెను. పల్లెలకు బండిమీద పోయెను. మన పెరటి మూలికలను తక్కువచూపు చూడక పరీక్షించి వాడెను. ముఖ్యముగా, స్థానిక స్త్రీలకు మందులు కలుపుటయు పురుళ్లు పోయుటయు రోగులకు పరిచర్య చేయుటయు నేర్పించెను. వేలకొలది రోగులు ఆమె చేతిమీదుగా పోయిరి గాని ఆ లెక్కకంటె ఈ నేర్పించుటయే మాకు గొప్పగా తోచును. తాను చేసినది తనతో పోవును. నేర్పినది ఊరిలో మిగులును. 1943లో పదునార్గురు కన్యాస్త్రీలను గుంటూరున సమావేశపఱచి కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించెను. దేశమున నొక కతోలిక వైద్యకళాశాల నిలువవలెనని నాడు కోరిన కోరిక, ఆమె పోయిన పిదప 1963లో బెంగుళూరున సంత్ జాను వైద్యకళాశాలగా ఫలించినది. ఆమె 1957లో రాచపుండు వ్యాధితో బెంగుళూరున మరణించెను. వచ్చిననాటినుండి ముప్పదియేడేండ్లు; స్వదేశమునకు మఱల పోలేదు. 2013లో ఆమె మతపీఠము ఆమెకు దైవసేవకురాలను పేరిడెను.

ఈ కథ మేమేల యింత సేపు చెప్పితిమో యిప్పుడు మా యింటి సంగతి చెప్పినచో తెలియును. చెప్పుటకు సంకోచమే, అయినను చెప్పెదము.

మా పితామహునికి మొదటి భార్య యొకతె యుండెను. మేము ఆమెను చూడలేదు. ఆమె మరణించిన పిదప వచ్చిన యామె మా నాయనమ్మ. 1930 తర్వాతి యేండ్లమాట. రెండవ కాన్పు, రెండు దినములు నొప్పులు పడెను. ఊరికి బాట లేదు గాని కాలువ యున్నది, పడవ యున్నది. నెల్లూరున స్త్రీలకై అమెరికా బాప్తిస్టులు నడుపు ఆసుపత్రి యున్నది. బండి కట్టిరి. మా ముత్తవ్వ గడపలో నిలిచి, అన్ని కులములవారు పడుకొను మంచముమీద మా కోడలిని పడుకొననీయ ననెను. బండి విప్పిరి. తెల్లవాఱునప్పటికి తల్లియు బిడ్డయు పోయిరి. రాత యిట్లున్నదని ఊరంతయు ఓదార్చెను. ఆ మాటనే మా యింట నలువది యేండ్లు చెప్పుకొంటిరి.

ఆ నెలలోనే మా యింట వడ్లు దంచు మాలపల్లె స్త్రీకి అదే కష్టము వచ్చెను. నలుగురు మనుష్యులు ఆమెను నులకమంచముమీద కాలువయొడ్డునకు మోసికొని పోయి పడవ నెక్కించిరి. మూడు వారములకు ఆమె మగబిడ్డతో తిరిగి వచ్చెను. ఆ బిడ్డ పెరిగి మా పొలమునే దున్నెను. మా తాతగారు అతనిని పేరుపెట్టి పిలువగా మేమెన్నడును వినలేదు. మొగ మెత్తి చూడగా కనలేదు. ఇది గర్వమని మేము బాల్యమున తలచితిమి. తాతగారు పోయిన పిదప నాయనమ్మ అసలు సంగతి చెప్పెను. "ఆయన వానిని చూడలేకపోయెడివాడురా అబ్బాయీ. వానిని చూచినపుడెల్ల తన బిడ్డ ఈడు లెక్క వచ్చెడిది" అనెను. ప్రతి సంవత్సరము కళ్లములో ఒక పుట్టి ధాన్యము లెక్కకు రాకుండ పోయెడిదనియు, అది ఏ యాసుపత్రికి చేరెడిదో తనకు మాత్రమే తెలియుననియు ఆనాడే చెప్పెను.

ఆ స్త్రీని కాపాడినవారు ఏ సభవారైననేమి? గుంటూరున మేరీ గ్లౌరీ యుండెను, ఇచ్చట మఱియొకరుండిరి. మా యింటి కోడలిని చంపినది వైద్యము లేమి కాదు, దూరము కాదు, బీదతనము అసలే కాదు. పక్కమంచముమీద నెవరున్నారను ప్రశ్న.

మిషనరీలు ఆ ప్రశ్నను పూర్తిగా గెలిచిరని మేము చెప్పము. కులక్రైస్తవులకు దేవాలయమున నొక వైపు, పంచమ క్రైస్తవులకు మఱియొక వైపు, శ్మశానమునందును హద్దురాళ్లు. తెలుగు దక్షిణదేశమందలి పాత విచారణలలో ఇట్టి భేదములు పాటించిన కాలము గలదు. పై గురువులలో ననేకులు దానిని ఖండించిరి. కొందఱు ఊరి పెద్దలకు వెఱచి చూచియు చూడనట్లుండిరి. ఊరి పెద్దలనగా మనవారే యని వేఱుగ చెప్పనేల? 1950 నాటి షెడ్యూల్డు కులముల యుత్తర్వు క్రైస్తవులైన దళితులకు వర్తింపలేదు. మతమున కులము పోలేదు, చట్టమున సహాయము పోయినది. అట్లుండియు 2022లో కర్నూలు సీమలో జన్మించిన పూల ఆంథోనిగారు కార్డినలు పదవి నందిరి. తెలుగువారిలో ఆ పదవికి మొదటివారు, దళితులలోను మొదటివారు. పల్లె చివరి తాటాకుబడినుండి రోమువఱకు పడిన దారి కురుచ కాదు. ఆ దారిని వేసినవారిలో పేరులేని ఉపదేశు లెందఱో గలరు.

ఇక రేపటి పని. మన ప్రసూతి సహాయనిధి నాలుగవ నిబంధనలో "మన కులమునకు జేరిన నిరుపేద స్త్రీలకు" అని యున్నది. ఇందులో మొదటి మూడు మాటలను తీసివేయవలెనని మేము తీర్మానము ప్రతిపాదింప నున్నాము. కోశాధికారిగారు మాకు చిరకాలమిత్రులు. వారి యాక్షేపణ మే మెఱుగుదుము. దాతలు కులముకొఱకై యిచ్చిన ధనమును అన్యుల కెట్లు వెచ్చింతుమని వారందురు. ధర్మకర్త యడుగవలసిన ప్రశ్నయే యది. దానిని తేలికగా త్రోయుట తగదు. అందువలన పాతమూలధనము పాత నిబంధనకే విడిచి, ఈ యేటినుండి వచ్చు చందాలకు మాత్రమే క్రొత్త నిబంధన వర్తించునట్లు తీర్మానమును వ్రాసితిమి. దాత తన రసీదుమీద తాను కోరిన నిబంధనను గుర్తుపెట్టవచ్చును. గత సంవత్సరము మన కులమునుండి వచ్చిన దరఖాస్తులన్నియు తీర్చిన పిదపను నిధిలో సొమ్ము మిగిలినదని వారి లెక్కలే చెప్పుచున్నవి. మిగిలిన సొమ్ము బ్యాంకులో వడ్డీ కనుచున్నది; కాలువ కావల పల్లెలో స్త్రీలు బిడ్డలను కనుచున్నారు.

ఇంకొక చిన్న విన్నపము. ఈ మందిరమున జ్ఞానమ్మ పటమునకు చోటీయవలెను. పటమును చట్రమును మేమే తెచ్చెదము. మేకు మాత్రము సంఘమువారు కొట్టింపవలెను.

తీర్మానపు ప్రతులు కార్యదర్శిగారికడ నున్నవి. చర్చ రేపుదయము పదునొకండు గంటలకు. క్రొత్త నిబంధన క్రింద మొదటి చందాగా, మా తాతగారి మొదటి భార్య పేర, ఒక పుట్టి ధాన్యపు వెలను ఈ రాత్రియే కోశాధికారిగారి చేతికిచ్చి రసీదు పుచ్చుకొనుచున్నాము.